రాత్రి రెండింటికి ఆవిడ ఎందుకు లేవబోతున్నారు?

ప్రశ్న: కోనసీమలో గోదావరి పాయను ఆనుకుని ఉన్న ఒక లంక ఊరి నుంచి ఓ కోడలు రాసిన ఉత్తరం ఇది. పెద్ద ఉత్తరం కాబట్టి సారాంశం ఇస్తున్నాం. అత్తగారికి 72 ఏళ్ళు, బరువు 55 కిలోల దాకా ఉంటారు. షుగరు, బీపీ ఉన్నాయి. నాలుగు నెలల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట ముద్దగా వస్తుంది కానీ మనుషుల్ని గుర్తుపడతారు. భర్త కువైట్‌లో ఉన్నారు. బడికెళ్ళే పిల్లలు ఇద్దరు. పొద్దున్న రెండు గంటలు ఒకామె సాయానికి వస్తుంది, మిగతా పగలూ రాత్రీ ఈమే. అత్తగారి పడక నవారు మంచం, దాని మీద బూరుగుదూది పరుపు. ఇంట్లో పాత పందిరి మంచం కూడా ఒకటి ఉంది.

రెండు వారాల కిందట రాత్రి రెండు గంటలప్పుడు ఆవిడ తనంతట తాను లేవబోయి కింద పడ్డారు. ఎముకలేమీ విరగలేదు. అప్పటి నుంచి రాత్రిపూట బాగున్న ఎడమ చేతిని చున్నీతో మంచం పట్టెకు కడుతున్నారు. డైపరు వేస్తున్నారు. సాయంత్రం నాలుగు దాటాక నీళ్ళు ఇవ్వడం మానేశారు. వారం నుంచి నడుం కింద ఎముక మీద రూపాయి బిళ్ళంత మేర చర్మం లేచిపోయి ఎర్రగా, తడిగా ఉంది. కుడి మడమ నేరేడుపండు రంగుకు తిరిగింది, అది పడ్డప్పుడు తగిలిన దెబ్బేమో అంటున్నారు. నాలుగు రోజులు విరేచనం కాలేదు, నిన్నటి నుంచి నీళ్ళలా కొంచెం కొంచెం కారుతోంది. పుండును స్పిరిట్‌తో తుడిచి పౌడరు చల్లుతున్నారు. పొరుగింటివాళ్ళు గాలి రింగు ఇచ్చారు. పప్పు, గుడ్డు, చేప పెడితే చీము పడుతుందని చారన్నంతోనే సరిపెడుతున్నారు. పాలకొల్లు ఆడపడుచు వచ్చి చూసి, “మంచాన పడేసి పుండ్లు పెట్టించావు” అని వెళ్ళిపోయింది. మరిది రాజమండ్రిలో ఏదైనా హోములో చేర్పిద్దామంటున్నారు. చేతిలో 20,000 రూపాయలు ఉన్నాయి. ఆసుపత్రి మంచం కొనాలా, గాలి పరుపు కొనాలా, ఆయాను పెట్టుకోవాలా, మూత్రానికి గొట్టం వేయించాలా, హోముకు పంపాలా అన్నది ఆమె ప్రశ్న.

సమాధానం: అమ్మా, మీరు వేటికవిగా రాసిన సమస్యలన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. ఆవిడ రాత్రి రెండింటికి లేవబోయింది చాలావరకు మూత్రానికే అయ్యుంటుంది. పడ్డారని చెయ్యి కట్టారు. కట్టడంతో నిద్రలో తనంతట తాను కాస్త ఒత్తిగిల్లే వీలు కూడా పోయింది. డైపరు తెల్లారేదాకా తడిగా ఒంటికి అంటుకుని ఉంటోంది. నీళ్ళు తగ్గేసరికి మలం గట్టిపడింది. కదలిక లేకుండా ఒకేచోట పడే బరువు, నానిన చర్మం, జారుతూ రాసుకునే పక్కబట్ట, ఈ మూడూ కలిసినచోట పుండు పుట్టింది. మీ ఆడపడుచు అన్నమాటను పక్కన పెట్టండి. బాగా చూసుకునే ఇళ్ళలోనూ ఇవి వస్తాయి, రెండు మూడు గంటలు ఒకే ఎముక మీద బరువు పడితే చాలు. ఏం కొనాలన్నది తర్వాత తేల్చుకుందాం, ముందు మూత్రం సంగతి చూడాలి.

కట్టడం ఈ రాత్రి నుంచే మానేయండి. కట్టిన మనిషి పెనుగులాడితే చున్నీ మెడకో చంకకో చుట్టుకుంటుంది, మణికట్టు చర్మం కోసుకుపోతుంది, భయంతో ఇంకా గట్టిగా లేవబోతారు. పైగా ఆవిడకు మిగిలిన మంచి చెయ్యి అదొక్కటే. ఆ చేతికి అందేలా ఒక గంట, లేదా నొక్కితే మోగే వైర్‌లెస్ కాలింగ్ బెల్ ఉంచండి. పగలు నాలుగైదుసార్లు నొక్కించి అలవాటు చేయండి.

మూత్రానికి వేళలు పెట్టుకోండి. రాత్రి పదింటికి, ఒకటిన్నరకు, అయిదింటికి మీరే అడిగి బెడ్‌పాన్ పెట్టండి. ఆవిడ రెండింటికి లేస్తున్నారు కాబట్టి అరగంట ముందే వెళ్ళడం మంచిది. ముందువైపు పల్చగా ఉండే బెడ్‌పాన్ తీసుకుంటే నడుం ఎక్కువ ఎత్తక్కర్లేదు. దాన్ని ఒంటి కిందికి ఈడ్చకూడదు. పక్కకు తిప్పి, ఆనించి, మళ్ళీ వెల్లకిలా తేవాలి. పది నిమిషాలకు మించి అలాగే ఉంచితే దాని అంచే పుండు చేస్తుంది. నీళ్ళు మళ్ళీ పెంచండి. గుండె, కిడ్నీల గురించి డాక్టరు వద్దనకపోతే రోజుకు లీటరున్నర దాకా ఇవ్వాలి, అందులో ఎక్కువభాగం సాయంత్రం ఆరులోగా పడేట్టు చూడండి. బీపీ మాత్రల్లో కొన్నిటిలో మూత్రం ఎక్కువ పోయే మందు కలిసి ఉంటుంది. అది రాత్రిపూట వేస్తున్నట్టయితే పొద్దుటికి మార్చవచ్చేమో డాక్టర్ని అడగండి, మీ అంతట మీరు మార్చొద్దు. మూత్రపరీక్ష, షుగరు పరీక్ష కూడా చేయించండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ ఉన్నా, షుగరు పెరిగినా రాత్రి మాటిమాటికీ లేవాల్సివస్తుంది. ఇన్‌ఫెక్షన్‌తో పెద్దవాళ్ళు తికమకపడతారు కూడా.

నీళ్ళలా కారుతోందన్నారే, దాన్ని విరేచనాలనుకుని ఆపే మాత్ర వేయకండి. నాలుగు రోజులు కాకుండా తర్వాత పల్చగా కారిందంటే, లోపల గట్టి మలం అడ్డుపడి దాని పక్కల నుంచి నీరు జారుతూ ఉండవచ్చు. ఆపే మాత్ర వేస్తే అడ్డు ఇంకా బిగుస్తుంది. నర్సుగానీ డాక్టరుగానీ వేలితో పరీక్షచేసి ఎనిమా అవసరమో కాదో చెప్తారు. ఇసబ్‌గోల్ జోలికి పోవద్దు. సరిపడా నీళ్ళు తాగని, మంచాన ఉన్న మనిషిలో అదే ముద్దగా అడ్డుపడుతుంది. మళ్ళీ సర్దుకున్నాక రోజూ పొద్దున్న టిఫిను, వేడి పానీయం అయిన పావుగంటకు కూర్చోబెట్టండి, పేగులకు ఆ వేళకు కదలిక వస్తుంది.

ఇప్పుడు మడమ. ఉత్తరం మొత్తంలో నాకు ఎక్కువ కంగారు పెట్టింది నడుం దగ్గర పుండు కాదు, మీరు దెబ్బనుకున్న ఆ నేరేడు రంగు. అది పరుపు మీద ఆని ఆని లోపలి కండ నలిగిన గుర్తు కావచ్చు. పైన చర్మం బాగానే కనిపించి, కొద్దిరోజుల్లో ఒక్కసారిగా లోతుగా తెరుచుకుంటుంది. షుగరు ఉన్నవాళ్ళకు మడమ పుండు మానడం మరీ కష్టం. అక్కడ పొక్కు వస్తే చిదమకండి, నల్లగా ఎండితే పీకకండి. మడమ దేన్నీ ఆనకుండా గాలిలో ఉండాలి. తలగడను పిక్క కింద పొడవునా, మోకాలి దగ్గర నుంచి చీలమండ పైదాకా పెట్టండి. మోకాలు కొద్దిగా వంగి ఉండాలి, మడమ కింద నుంచి కాగితం దూర్చితే తగలకుండా జారిపోవాలి. గ్లౌజులో నీళ్ళుపోసి మడమ కింద పెట్టే పద్ధతి కొందరు చెప్తారు. మడమ దాన్ని నొక్కుకుని దిగిపోతుంది, ఉపయోగం లేదు.

రోజూ స్నానంచేయించేటప్పుడు రెండు మడమలు, చీలమండలు, తుంటి ఎముకలు, నడుం కింద, భుజపుటెముకలు, మోచేతులు, చెవులు, తల వెనక చూడండి. ఎర్రబడినచోట వేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. తెల్లబడి మళ్ళీ ఎరుపు వస్తే ఇంకా రక్తం ఆడుతోందన్నమాట. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే, ఆ పక్కన ఇక బరువు పడనివ్వకండి. చామనఛాయ ఒంటికి ఎరుపు సరిగ్గా కనిపించదు. చుట్టుపక్కల కంటే వేడిగా, గట్టిగా లేదా మెత్తగా తగిలినా, ముట్టుకుంటే నొప్పన్నా అదే లెక్క. ఎర్రబడినచోట నూనె పెట్టి మర్దన చేయకూడదు, నలిగిన కండను ఇంకా నలిపినట్టవుతుంది.

నడుం దగ్గరి పుండుకు స్పిరిట్, పౌడరు రెండూ ఆపండి. స్పిరిట్ కొత్తగా వచ్చే చర్మాన్ని చంపేస్తుంది, పౌడరు తడికి ఉండకట్టి రాసుకుంటుంది. హైడ్రోజన్ పెరాక్సైడ్, పసుపు, బూడిద, పంచదార, బల్బు వేడి ఏవీ వద్దు. మందుల షాపులో దొరికే నార్మల్ సెలైన్‌తో కడిగి, చుట్టూ మెత్తగా అద్ది, నర్సు చెప్పిన డ్రెస్సింగ్ కప్పండి. పారాఫిన్ పూసిన గాజ్ గుడ్డ కానీ, అంటుకునే ఫోమ్ డ్రెస్సింగ్ కానీ చాలు. పుండు కాస్త తడిగా, చుట్టూ చర్మం పొడిగా ఉంటే త్వరగా మానుతుంది. గాలి రింగు పొరుగింటికి తిరిగి ఇచ్చేయండి. మధ్యలో బరువు లేకపోయినా చుట్టూ అంచు నొక్కి పుండుకు వచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది.

ఇక తిప్పడం. ఏది కొన్నా కొనకపోయినా ఇది తప్పదు, కాబట్టి దీన్ని సరిగ్గా పట్టుకోండి. ఒక పాత నూలు దుప్పటిని నాలుగు మడతలు వేసి, భుజాల నుంచి తొడల మధ్యదాకా వచ్చేలా ఆవిడ కింద పరచి ఉంచండి. ఒంటిని పట్టుకుని లాగితే చర్మం పరుపుకు అంటుకుని ఉండగా ఎముక జారి, లోపలి రక్తనాళాలు సాగి తెగుతాయి. దుప్పటితో పాటు జరిపితే ఆ రాపిడి ఉండదు. మనిషిని పైకి జరపడానికి ఇద్దరు కావాలి, అది సాయానికి వచ్చే ఆమె ఉన్నప్పుడే పెట్టుకోండి. ఎడమ పక్కకు ఒత్తిగిలించడం ఒక్కరే చేయవచ్చు. ఆవిడకు ఎడమ పక్కన నిలబడి, కుడి చేతిని పొట్ట మీదుగా మీవైపు తెచ్చి ఉంచండి. కుడి మోకాలు వంచి పాదం పరుపు మీద ఆనించండి. మీ ఒక చెయ్యి కుడి భుజం వెనక, రెండోది కుడి తుంటి వెనక వేసి మీవైపు దొర్లించండి. పడిపోయిన చేతిని పట్టుకుని ఎప్పుడూ లాగకండి, భుజం కీలు జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు.

పూర్తిగా పక్కకు, తుంటి ఎముక మీద నిలబెట్టినట్టు తిప్పొద్దు, అక్కడ కొత్త పుండు లేస్తుంది. వీపు వెనక భుజం నుంచి పిరుదు దాకా తలగడ పెట్టి, మూడో వంతు మాత్రం, అంటే 30 డిగ్రీలు, వాలేట్టు చేయండి. పిరుదు కండ మీద బరువు పడి, నడుం కింద ఎముక దగ్గర మీ అరచెయ్యి సులువుగా దూరితే సరిగ్గా వాలినట్టు. మోకాళ్ళ మధ్య ఇంకో తలగడ. కుడి పక్కకు వాల్చినప్పుడు కుడి భుజాన్ని ముందుకు లాగి సర్దండి, ఆ పక్క తక్కువసేపు ఉంచండి. పుండు మానేదాకా వెల్లకిలా తిప్పేది తిండికి, బెడ్‌పాన్‌కు మాత్రమే. తల వైపు ఎత్తు మామూలుగా 30 డిగ్రీలు దాటకూడదు, దాటితే ఒళ్ళు కిందికి జారుతూ నడుం దగ్గర రాపిడి పెడుతుంది. తినేటప్పుడు మాత్రం నిటారుగా కూర్చోబెట్టి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి.

మామూలు పరుపు మీద రెండు గంటలకోసారి తిప్పాలి. మీకు నిద్ర లేకుండా చేస్తున్నది ఈ లెక్కే. అందుకే మీ 20,000లో ముందు గాలి పరుపు కొనమంటాను. బుడగలున్న, పంపుతో నడిచే రకం సుమారు రెండు మూడు వేల రూపాయల్లో వస్తుంది. బుడగలు వంతులవారీగా నిండుతూ తగ్గుతూ ఒకేచోట బరువు నిలవకుండా చూస్తాయి. దీని మీద రాత్రిపూట మూడున్నర, నాలుగు గంటల దాకా ఆగవచ్చు, పొద్దున్న చూస్తే కొత్త ఎరుపు లేకుంటేనే సుమా. అప్పుడు పది, ఒకటిన్నర, అయిదు బెడ్‌పాన్ వేళలే తిప్పే వేళలూ అవుతాయి. మధ్యలో మీకు మూడేసి గంటల నిద్ర దక్కుతుంది.

కానీ దాన్ని నవారు మంచం మీద వేస్తే డబ్బు దండగ. నవారు సాగి ఉయ్యాలలా కిందికి దిగుతుంది, బరువంతా నడుం దగ్గరికే వస్తుంది. గట్టి చెక్క అడుగున్న మంచం మీద మామూలు పరుపు, దాని మీద గాలి పరుపు, పైన ఒకే ఒక్క పల్చని దుప్పటి వదులుగా పరవండి. బొంతలు, రబ్బరు షీట్లు పేర్చితే బుడగలు పనిచేసినా ఒంటికి తెలియదు. పంపు మీద ఉన్న మీటను బరువును బట్టి తిప్పాక, నడుం ఉన్నచోట గాలి పరుపు కిందికి చెయ్యి పెట్టి చూడండి. మీ చేతికీ ఆవిడ ఒంటికీ మధ్య కనీసం అంగుళం గాలి ఉండాలి. ఎముక చేతికి తగిలితే గాలి చాలలేదు. కరెంటు పోతే పంపు గొట్టాలను మడిచి క్లిప్పు పెట్టండి, గాలి కొంతసేపు నిలుస్తుంది, మీరు మాత్రం మళ్ళీ రెండు గంటల లెక్కకు రండి. పంపు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది, ఇన్వర్టరు ఉంటే దానికి కలపండి.

మంచం విషయంలో మీకు రెండు దారులున్నాయి. ఇంట్లో పాత పందిరి మంచం ఉందన్నారు. అది ఎత్తుగా ఉంటుంది కాబట్టి మీ నడుం నిలుస్తుంది, దోమతెర కట్టుకోవచ్చు, ఖర్చు లేదు. కానీ అంత ఎత్తు నుంచి పడితే తుంటి విరుగుతుంది. రెండో దారి ఆసుపత్రి మంచం. కొనకుండా మూడు నెలలకు అద్దెకు తీసుకోవడం మేలు, ఆవిడ కోలుకునేకొద్దీ అవసరం మారుతుంది. రెండు హ్యాండిళ్ళ మంచమంటే తల, మోకాళ్ళు లేస్తాయంతే, మంచం ఎత్తు మారదు. ఇది తెలియక కొని తర్వాత బాధపడేవాళ్ళున్నారు. పక్క కమ్మీలు రక్షణేనని అందరూ అనుకుంటారు, వాటితోనూ ప్రమాదం ఉంది. కమ్మీకీ పరుపుకూ మధ్య, కమ్మీల సందుల్లో 12 సెంటీమీటర్లు, అంతకు మించి ఖాళీ ఉంటే తల ఇరుక్కోగలదు. గాలి పరుపు అంచు నొక్కితే అణుగుతుంది, అప్పుడు సందు ఇంకా పెరుగుతుంది. పరుపు ఎత్తు పెరిగిన మేరకు కమ్మీ పొట్టిదవుతుంది. తికమకపడే మనిషి కమ్మీ ఎక్కి దూకబోతే పడేది ఇంకా పైనుంచి. ఆవిడ పట్టుకుని ఒత్తిగిల్లడానికి ఎడమవైపు తల దగ్గర సగం కమ్మీ పనికొస్తుంది. పందిరి మంచమే వాడతానంటే రాత్రి వేళలు, గంట రెండూ కుదిరాకే వాడండి, పక్కన నేలమీద ఒక పరుపు వేసి ఉంచండి. తనంతట తాను లేవబోయిన మనిషిలో కాస్త సత్తువ ఉన్నట్టే. ఫిజియోథెరపిస్టు సరేనంటే మంచం పక్కన కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టడం మొదలుపెట్టవచ్చు.

గొట్టం ఇప్పుడే వద్దనిపిస్తోంది. అది వేస్తే మీకు రాత్రి పని తగ్గేమాట నిజం. కానీ రోజులు గడిచేకొద్దీ ఇన్‌ఫెక్షన్ ముప్పు పెరుగుతూ పోతుంది, ఎడమ చేత్తో ఆవిడ లాగేస్తే లోపల గాయమవుతుంది, వేళ ప్రకారం మార్పించుకుంటూ ఉండాలి. మూత్రం బిగుసుకుపోయినా, పుండు లోతై మూత్రం దాన్ని మానకుండా చేస్తున్నా అప్పుడు డాక్టరే వేయిస్తారు. వేస్తే సంచి ఎప్పుడూ పొత్తికడుపు కంటే కిందే ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. డైపరు రాత్రికే పరిమితం చేసి, బెడ్‌పాన్ పెట్టిన ప్రతిసారీ చూసి తడిస్తే మార్చండి. పగలు ఒంటి కింద పరిచే అండర్‌ప్యాడ్ చాలు. కడిగి, ఆరాక జింక్ ఆక్సైడ్ క్రీము పల్చగా రాయండి.

పప్పు తింటే చీము పడుతుందన్న మాట వల్ల మన ఇళ్ళలో పుండ్లు మానక సాగుతున్నాయి. పుండు పూడ్చుకోవడానికి ఒంటికి మాంసకృత్తులే కావాలి. కిడ్నీ జబ్బు లేకపోతే ఆవిడ బరువుకు రోజుకు 70 నుంచి 80 గ్రాములు. గుడ్డులో 6 గ్రాములు, పావులీటరు పాలలో 8, వంద గ్రాముల కొర్రమీనులో 20కి కాస్త అటూ ఇటూ. చారన్నంతో అది కుదరదు. ముల్లు లేకుండా తీసి మెత్తగా మెదిపి పెట్టండి. నీళ్ళు తాగాక దగ్గినా, గొంతు గరగరమన్నా మింగడం సరిగ్గా లేదని అర్థం. అప్పుడు పల్చటివి ఆపి, జావలాంటి చిక్కటివి చెంచాతో ఎడమ బుగ్గవైపు పెడుతూ, మింగడం పరీక్ష చేయించండి. కుడి బుగ్గలో మెతుకు మిగిలిందేమో వేలితో చూడండి. రోజుకు రెండుసార్లు పళ్ళు, నాలుక తోమడం వల్ల ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరే ముప్పు తగ్గుతుంది. షుగరు ఉన్నవాళ్ళ పక్కకు చీమలు చేరతాయి, మంచం కోళ్ళ కింద నీళ్ళ పళ్ళేలు పెట్టండి. పుండు మీద ఈగ వాలకుండా పగలు కూడా దోమతెర దించి ఉంచండి.

పరుపు పోగా మిగిలిన డబ్బుతో ఆయాను పెడితే పగటికి కాక రాత్రికి పెట్టుకోండి. వారానికి మూడు రాత్రులైనా మీరు పడుకోగలిగితే మిగతా నాలుగు నెట్టుకొస్తారు. ఆడపడుచుకు జవాబు చెప్పకండి, పని చెప్పండి. నెలలో నాలుగు రాత్రులు వచ్చి ఉంటుందా, లేక ఆయా జీతంలో వాటా పంపుతుందా అని మీ భర్తతోనే ఫోనులో అడిగించండి. తిప్పిన వేళ, ఏ పక్కకు, చర్మం ఎలా ఉంది అని గోడకు వేలాడే నోటుపుస్తకంలో రాస్తూ ఉంటే ఎవరొచ్చినా అదే చూస్తారు. హోము తప్పేమీ కాదు. మరిదిని రాత్రి ఎనిమిది తర్వాత వెళ్ళి చూసి రమ్మనండి. రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉన్నారు, తిప్పిన వేళలు రాసే కాగితం ఉందా, చేతులు కడతారా అని అడగాలి. ఈ మూడింటికీ సూటిగా చెప్పలేనిచోట ఆవిడ పుండు ఇంటి దగ్గర కంటే త్వరగా పెరుగుతుంది. బాగుంటే మీకు ఊపిరి తీసుకోవడానికి నెలో రెండు నెలలో ఉంచి తెచ్చుకోవచ్చు. పక్షవాతంతో మంచానికే పరిమితమైనవారికి 2024 జూలై నుంచి మన రాష్ట్రంలో నెలకు 15,000 రూపాయల పింఛను ఉంది, మెడికల్ బోర్డు సర్టిఫికెట్ కావాలి. మీ సచివాలయంలో అడగండి.

ఈ వారంలోనే ఆశా కార్యకర్త ద్వారా ఏఎన్ఎం నర్సమ్మను పిలిపించి మడమ చూపించండి. చలిజ్వరం, పుండు నుంచి దుర్వాసన, నల్లబడటం, చుట్టూ ఎరుపు పాకడం, ఒక్క కాలే వాచి వేడెక్కడం, ఉన్నట్టుండి మత్తుగా పడి ఉండటం, వీటిలో ఏది కనిపించినా ఆగకుండా 108కి ఫోను చేయండి. వాచిన కాలును పిసకొద్దు, లోపలి రక్తపు గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. మీది లంక ఊరు కాబట్టి జూలై, ఆగస్టుల్లో ఇంకో లెక్క ఉంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి వరద 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది. కాజ్‌వే మునిగాక మంచాన ఉన్న మనిషిని పడవెక్కించడం మీవల్ల కాదు. మొదటి హెచ్చరిక రాగానే గట్టు అవతలి చుట్టాలింటికి చేర్చండి. వెంట గాలి పరుపు, పంపు, ఆ మడత దుప్పటి, పది రోజులకు సరిపడా మాత్రలు, డ్రెస్సింగులు ఉండాలి.